పంద్రాగస్టు అయ్యాక ట్రంపెట్‌ను బీరువాలో పెడితే పిల్లలు ఎప్పుడు నేర్చుకోవాలి?

ఎడిటర్ గారికి,

నమస్కారం.

పంద్రాగస్టు అయిపోయింది. విజయవాడలో చాలా స్కూళ్లలో బ్యాండు సామాను మళ్లీ బీరువాల్లోకి వెళ్లిపోయింది, ఇక డిసెంబరు చివర్లో రిపబ్లిక్ డే కోసం బయటికి తీస్తారు. ఈలోగా ఆ ట్రంపెట్లు, యూఫోనియంలు (ట్రంపెట్ కంటే పెద్ద ఇత్తడి ఊదుడు వాద్యాలు) తాళం లోపల ఉంటాయి, వాటిని ఊదడం అప్పుడే మొదలుపెట్టిన పిల్లలు వచ్చిన కాస్త విద్యా మర్చిపోతారు. ఈ పద్ధతి మార్చండి అని స్కూళ్ల యాజమాన్యాలను అడగడానికే ఈ ఉత్తరం. నేను సంగీతం టీచర్‌ని కాదు. మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది, ఈ ఏడాదే స్కూల్ బ్యాండులో ట్రంపెట్‌కి ఎంపికైంది. అప్పటినుంచీ తెలిసినవాళ్లను అడిగి, దొరికింది చదివి, పాప పక్కన కూర్చుని చూసి తెలుసుకున్న సంగతులే రాస్తున్నాను. స్కూల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క స్కూల్ సంగతి కాదని మిగతా తల్లిదండ్రులతో మాట్లాడాక నాకు అర్థమైంది.

ఇప్పుడు జరిగే తీరు ఇలా ఉంటుంది. జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు, జులై రాగానే పీఈటీ సార్‌కి బ్యాండు బాధ్యత అప్పగిస్తారు. కాస్త పొడుగ్గా, హుషారుగా కనిపించిన పిల్లల్ని లైన్లో నిలబెట్టి, నువ్వు సైడ్ డ్రమ్ము, నువ్వు తాళాలు, నువ్వు ట్రంపెట్ అని పంచేస్తారు. డ్రమ్ము అందుకున్న పిల్లాడికి ఆ రోజే ఏదో ఒక చప్పుడు వస్తుంది. ట్రంపెట్ అందుకున్న పిల్లకి గాలి తప్ప ఏమీ రాదు. "గట్టిగా ఊదమ్మా, అన్నం తిని రాలేదా" అంటారు. ఆ పిల్ల బుగ్గలు ఉబ్బించి, మౌత్‌పీస్‌ను, అంటే నోటి దగ్గర పెట్టుకుని ఊదే చిన్న ముక్కను, పెదాలకి అదిమిపెట్టి, మొహం ఎర్రబడేదాకా ఊదుతుంది, ఒక్కోసారి కళ్లు తిరిగి కూర్చుండిపోతుంది. పీఈటీ సార్లను నేను తప్పుపట్టడం లేదు. కబడ్డీ, ఖోఖో, డ్రిల్లు, గేటు దగ్గర క్రమశిక్షణ అన్నీ చూసుకుంటూ, తమకు రాని వాద్యాన్ని కూడా నేర్పమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఆ పనిని వాళ్ల నెత్తిన పెట్టిన యాజమాన్యాలే దీనికి జవాబు చెప్పాలి.

ట్రంపెట్ గట్టిగా ఊదితే పలికేది కాదు. దాంట్లో శబ్దం పుట్టేది పెదాల దగ్గర. పెదాలు రెండూ కలిపి, మూలలు బిగించి, మధ్యలోంచి గాలి వదిలితే అవి అదురుతాయి, ఆ అదురే దాదాపు ఒకటిన్నర మీటరు పొడవున్న ఇత్తడి గొట్టంలోంచి ప్రయాణం చేసి స్వరంగా బయటికి వస్తుంది. అందుకే తెలిసిన మాస్టార్లు మొదట్లో వాద్యాన్ని పక్కన పెట్టించి వట్టి పెదాలతో, తర్వాత వట్టి మౌత్‌పీస్‌తో ఆ అదురు తెప్పిస్తారు. అది కుదిరాక వాద్యానికి తగిలిస్తే స్వరం దానంతటదే పలుకుతుంది. మౌత్‌పీస్‌ను పెదాలకి గట్టిగా అదిమితే పైస్వరం అప్పటికి వస్తుంది గానీ, పెదాలకి రక్తం సరిగ్గా ఆడదు, కాసేపటికే మొద్దుబారిపోతాయి. అదే అలవాటైపోతే తర్వాత మాన్పించడం చాలా కష్టం. కళ్లు తిరగడం కూడా జబ్బేమీ కాదు, అలవాటు లేని పిల్లలు గబగబా పెద్ద పెద్ద ఊపిరులు తీసి వదలడం వల్ల జరుగుతుంది, మధ్యమధ్యలో ఆపి కూర్చోబెడితే తగ్గిపోతుంది. ఈ రెండు ముక్కలు మొదటి రోజే చెప్పేవాళ్లు ఉంటే ఎంతమంది పిల్లలు ఏడవకుండా ఇంటికి వస్తారో.

ఇంకో సంగతి తెలిశాక నాకు ఈ వాద్యం మీద గౌరవం పెరిగింది. ట్రంపెట్‌కి ఉండేవి మూడే వాల్వులు, అంటే వేళ్లతో నొక్కే మీటలు. రెండోది నొక్కితే స్వరం అర మెట్టు దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర మెట్టు. కొత్తగా నేర్చుకునే పిల్లలకి ముందు ఐదు స్వరాలు చెబుతారు, మన లెక్కలో చెప్పాలంటే స రి గ మ ప. స కి ఏ వాల్వూ నొక్కక్కర్లేదు. రి కి ఒకటీ మూడూ నొక్కాలి, గ కి ఒకటీ రెండూ, మ కి ఒకటి. ప దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఏదీ నొక్కక్కర్లేదు. అంటే స కీ ప కీ వేళ్లు ఒకేలా ఉంటాయి, మారేది పెదాల బిగువూ గాలి వేగమూ మాత్రమే. ఏ స్వరం రావాలో పిల్ల ముందు మనసులో వినాలి, విన్నదానికి పెదాలు సర్దుకోవాలి. మా పాప చిన్నప్పుడు కాస్త సరళీ స్వరాలు పాడింది కాబట్టి స నుంచి ప కి వెళ్లడం తొందరగా దొరికింది. తన పక్కన ఊదే పిల్లాడికి దొరకలేదు, వాడికి ఎవరూ పాడి వినిపించలేదు, "వేళ్లు సరిగ్గా పెట్టు" అని మాత్రం అన్నారు. వాడి వేళ్లు సరిగ్గానే ఉన్నాయి.

ఇది చెప్పడం ఎందుకంటే, ఇలాంటి పని వారానికోసారి గంటసేపు చేస్తే వచ్చేది కాదు. పెదాల చుట్టూ ఉండే చిన్న చిన్న కండరాలు రోజూ కొంచెం కొంచెంగా గట్టిపడాలి. పొద్దున ఒక పది నిమిషాలు, సాయంత్రం ఒక పది నిమిషాలు, పెదాలు అలిసిపోగానే ఆపెయ్యడం, మర్నాడు మళ్లీ. కొత్తవాళ్లకి ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు, కానీ ఇది ఏ రోజూ మానకూడదు. రెండు వారాలు మానేస్తే ఆ బిగువు సడలిపోతుంది, నాలుగు నెలలు మానేస్తే దాదాపు మొదటికే వస్తుంది. పిల్లలకి ఎక్కాలు ఆగస్టులోనూ జనవరిలోనూ మాత్రమే చెబుతామంటే ఏ తల్లిదండ్రులైనా ఒప్పుకుంటారా? బ్యాండు విషయంలో మాత్రం అందరం ఒప్పుకుంటున్నాం.

బ్యూగిల్ గురించి కూడా రాయాలి. చాలా స్కూళ్లు బ్యాండు అనగానే నాలుగు బ్యూగిళ్లు కొని సరిపెడతాయి. చూడ్డానికి ట్రంపెట్‌లాగే ఉంటుంది, ధర తక్కువ. కానీ బ్యూగిల్‌కి వాల్వులు ఉండవు, దాంట్లో పలికేవి స, ప, పై స, పై గ, పై ప లాంటి కొన్ని స్వరాలే. సైన్యంలో సంకేతాలకి, జెండా దగ్గర వందనానికి అవి చాలు. మన జనగణమన మాత్రం స రి గ అనే మొదలవుతుంది, మొదటి వాక్యంలోనే మ, కింది ని కూడా వస్తాయి. రి, మ, ని పలకని బ్యూగిల్ మీద జాతీయగీతం ఎంత సాధన చేసినా రాదు. మాకు తెలిసిన ఒక స్కూల్లో బ్యూగిల్ మీద జనగణమన వాయించమని ఒక పిల్లాణ్ణి వారాల తరబడి నిలబెట్టారు, రావడం లేదని తిట్టారు. వాడి తల్లి నాతో చెప్పినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది. యూరప్‌లో 1818లో వాల్వుకి పేటెంటు వచ్చింది. 200 ఏళ్లు దాటిపోయాక కూడా ఈ తేడా తెలియకుండా సామాను కొనడం, ఆ కొన్న తప్పుకి పిల్లల్ని తిట్టడం అన్యాయం. అదే ట్రంపెట్ అయితే, మొదటి ఐదు స్వరాలు, కింది ని వచ్చిన పిల్లలు జాతీయగీతం మొదటి వాక్యం వాయించగలరు. పూర్తి గీతం 52 సెకన్లే, కానీ జయహే దగ్గర పై స దాకా వెళ్లాలి, దానికి ఇంకొన్ని నెలల సాధన కావాలి. జూన్‌లో మొదలుపెట్టి రోజూ ఊదిన పిల్లలు జనవరి 26కి ఆ స్థాయికి వస్తారని ఆశ పెట్టుకోవచ్చు. జులైలో మొదలుపెట్టి ఆగస్టులో ఆపేసినవాళ్లు రారు.

కాబట్టి నేను అడిగే ముఖ్యమైన సంగతి, వాద్యాన్ని ఏ ఒక్క రోజో కాకుండా ఏడాది పొడవునా పిల్లలతో ఇంటికి పంపండి. దీనికి స్కూళ్లు చెప్పే కారణం ఒక్కటే, పాడు చేస్తారని. నిజమే, ట్రంపెట్ సున్నితమైన వస్తువు, గంటలాంటి ముందు భాగం ఎక్కడైనా కొట్టుకుంటే సొట్ట పడుతుంది. డిపాజిట్ తీసుకోండి, పేరెంట్స్ దగ్గర సంతకం పెట్టించుకోండి, మేం ఇస్తాం. కానీ బీరువాలో ఉంటే పాడవదని అనుకోవడం పొరపాటు. ఇత్తడి అంటే రాగి, జింకు. కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊళ్లో వానాకాలం చెమ్మకి, లోపల ఆరని ఉమ్మికి గొట్టంలో పచ్చగా చిలుము పడుతుంది, వాల్వులు బిగుసుకుపోతాయి, మౌత్‌పీస్ ఇరుక్కుపోయి ఊడి రాదు. అప్పుడు ఎవరో పట్టకారు పెట్టి లాగుతారు, గొట్టం మెలి తిరుగుతుంది. మా పాపకి ఇచ్చిన ట్రంపెట్‌లో రెండో వాల్వు నొక్కితే పైకి లేచేది కాదు, పిల్ల వేలితో పైకి లాగుకుని వాయించేది. రోజూ ఊది, తర్వాత నీళ్ల మీట నొక్కి లోపలి తడి బయటికి ఊదేసి, వాల్వులకి వాల్వ్ ఆయిల్ వేసి, మెత్తని గుడ్డతో తుడిచి పెట్టుకునే వాద్యం బీరువాలో ఉన్నదానికంటే బాగుంటుంది.

తల్లిదండ్రులకి కూడా ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. వాల్వులకి కొబ్బరినూనె వెయ్యకండి, చలికి పేరుకుని జిగురవుతుంది. ఇత్తడే కదా అని ఇంట్లో బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి తోమకండి, వాద్యం మీద పల్చటి లక్కర్ పూత ఉంటుంది, అది పోతే మరకలు పడతాయి. కడగాలంటే గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు చాలు, వేడినీళ్లు వద్దు. టిఫిన్ తిన్న వెంటనే ఊదనివ్వకండి, నోరు పుక్కిలించాకే. పాల పళ్లు ఊడి ముందు పళ్లు వచ్చాక మొదలుపెడితే మంచిది, అంటే ఎనిమిది తొమ్మిదేళ్లు దాటాక. పళ్లకి క్లిప్పులు వేయించే ఆలోచన ఉంటే డెంటిస్టుకి పిల్ల ట్రంపెట్ ఊదుతుందని ముందే చెప్పండి.

మౌత్‌పీస్ సంగతి వేరుగా చెప్పాలి. ఒకే మౌత్‌పీస్‌తో ముగ్గురు నలుగురు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఊదడం నేను కళ్లారా చూశాను. మధ్యలో చేత్తో ఒకసారి తుడిచేవాళ్లు, అంతే. ఒకరికి జలుబు చేస్తే అందరికీ చేస్తుంది, నోటి పుండ్లు కూడా అలాగే అంటుకుంటాయి. వాద్యం పంచుకున్నా ఫరవాలేదు, మౌత్‌పీస్ మాత్రం ఎవరిది వాళ్లకి ఉండాలి. అది చిన్న వస్తువు, మొత్తం వాద్యం ధరతో పోలిస్తే చాలా తక్కువ, అవసరమైతే తల్లిదండ్రులమే కొంటాం. సొంత మౌత్‌పీస్ చేతిలో ఉంటే ఇంకో లాభం కూడా ఉంది, వాద్యం ఇంటికి ఇవ్వని రోజు కూడా పిల్ల దానితోనే పెదాల సాధన చేసుకోవచ్చు.

ఇంట్లో ఊదితే పక్క ఫ్లాట్ల వాళ్లు ఊరుకుంటారా అని చాలామంది అడుగుతున్నారు. మాకూ ఎదురైంది. అసోసియేషన్ వాళ్లు వచ్చి, పాప సాయంత్రం ఊదకూడదని చెప్పారు. ట్రంపెట్ పెద్ద శబ్దమే, కాదనను. పైగా కొత్తవాళ్లు ఊదితే వినసొంపుగా ఉండదు, ఒకే స్వరం పట్టుకుని సాగదీస్తుంటారు, చంటిపిల్లలున్న ఇంటికి, పెద్దవాళ్లున్న ఇంటికి ఇబ్బందే. శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 అని ఉంది, రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు వరకు. అది దృష్టిలో పెట్టుకుని మేం వాళ్లతో కూర్చుని మాట్లాడుకున్నాం. సాయంత్రం ఐదు దాటాక, టెర్రస్ మీద కాకుండా లోపలి గదిలో, తలుపులు వేసుకుని, పరీక్షలప్పుడు ప్రాక్టీస్ మ్యూట్ పెట్టుకుని ఊదేలా ఒప్పుకున్నారు. ఈ మ్యూట్ ట్రంపెట్ గంటలాంటి ముందు భాగంలో దోపితే శబ్దం బాగా తగ్గుతుంది. ముందుగా వెళ్లి చెప్పుకుంటే చాలామంది అర్థం చేసుకుంటారు. కింది ఫ్లాట్ పెద్దాయన ఇప్పుడు స ఎక్కడ తప్పిందో మెట్ల మీద కనిపించినప్పుడు పాపకి చెబుతున్నారు.

ఇంట్లో పెద్దవాళ్లకి ఉండే భయాలు వేరు. ఊపిరితిత్తులు పాడవుతాయి, పెదాలు లావైపోతాయి, ఆడపిల్లకి ఈ ఊదుడు ఎందుకు అంటారు. మా అత్తయ్యగారూ మొదట అదే అన్నారు. ఊదే వాద్యం మన ప్రాంతానికి కొత్త కాదు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారు జీవితమంతా నాదస్వరం ఊదారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ఆడవాళ్లు ఊదకూడదు అనేవాళ్లకి కాలీషాబీ మహబూబ్ గారిని చూపించాలి, భర్త షేక్ మహబూబ్ సుభానీ గారితో కలిసి నాదస్వరం ఊదుతారు, 2020లో ఆ దంపతులిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. నాదస్వరం చెక్క వాద్యం, ట్రంపెట్ వేరు, కానీ దమ్ము పట్టడం రెండిటికీ కావాలి. పిల్లలకి ఉబ్బసం లాంటివి ఉంటే డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి, మిగతావాళ్లు భయపడక్కర్లేదు. అత్తయ్యగారు ఇప్పుడు పాప ఊదుతుంటే పక్కనే కూర్చుంటున్నారు.

ఇక టైమ్ విషయం. విజయవాడలో ఆరో తరగతికే ఫౌండేషన్ క్లాసులు ఉంటాయి, పిల్లలు చీకటి పడ్డాక ఇంటికి వస్తారు. బ్యాండుకి పీరియడ్ ఇవ్వమని అడిగితే సిలబస్ అవదని అంటారు. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలు వేరు, కళలు వేరు అని గట్టి గీత గీయవద్దని చెప్పింది. దాన్ని గోడ మీద ఫ్రేము కట్టించి పెట్టుకున్న స్కూళ్లు ఉన్నాయి. మేం రోజుకో గంట అడగడం లేదు. వారానికి రెండు పీరియడ్లు తెలిసిన మాస్టారితో, మిగతా రోజుల్లో ఇంటి దగ్గర ఇరవై నిమిషాలు, ఏడాది పొడవునా. దీనికి ఏ ర్యాంకూ అడ్డం పడదు. పిల్లల్లో ఒక ఓపిక వస్తుంది కూడా, మా పాప లెక్క రాకపోతే పుస్తకం విసిరేసేది, ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చేస్తోంది, ఇది ట్రంపెట్ వల్లే అని నేను నమ్ముతున్నాను.

నేర్పే మాస్టార్లు ఎక్కడ దొరుకుతారు అని స్కూళ్లు అడుగుతాయి. మన ఊళ్లోనే ఉన్నారు. పెళ్లిళ్లకి, ఊరేగింపులకి వాయించే బ్యాండు మేళాల్లో ఏళ్ల తరబడి ట్రంపెట్, యూఫోనియం ఊదుతున్నవాళ్లు వన్‌టౌన్‌లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు. ఏ పాటైనా చెవితో పట్టుకుని ఊదగలరు, వాల్వు బిగుసుకుంటే విప్పి బాగు చెయ్యగలరు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పుష్యమాసంలోనూ ఉండవు, ఆ రోజుల్లో వాళ్లకి పని ఉండదు, ఇల్లు గడవడం కష్టం. సరిగ్గా ఆషాఢం వచ్చేది జూన్ జులైలలో, పంద్రాగస్టు ప్రాక్టీసు మొదలయ్యేటప్పుడు. పుష్యం వచ్చేది డిసెంబరు జనవరిలో, రిపబ్లిక్ డే ప్రాక్టీసు అప్పుడు. ముహూర్తాల రోజుల్లో కూడా వాళ్లు పొద్దున పూట ఒక గంట రాగలరు. పోలీసు బ్యాండ్లలో, సైన్యం బ్యాండ్లలో చేసి రిటైరైనవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకి నొటేషన్ చదవడం వచ్చు, కవాతు తెలుసు. ఇద్దరూ కలిసి నేర్పితే ఇంకా మంచిది. గౌరవంగా పిలవండి, మాస్టారు అనండి, నెలకి ఇంత అని జీతం మాట్లాడుకుని సమయానికి ఇవ్వండి. మేళం వాళ్లు స్కూల్లోకి రావడమేమిటి అనే చిన్నచూపు ఒకటి రెండు చోట్ల నేను విన్నాను, అది నాకు చాలా బాధ కలిగించింది.

ప్రభుత్వం తరఫున కూడా అవకాశం ఉంది. కేంద్ర విద్యాశాఖ, రక్షణ శాఖ కలిసి జాతీయ స్థాయి స్కూల్ బ్యాండు పోటీలు పెడుతున్నాయి, బ్రాస్ బ్యాండు (ఇత్తడి వాద్యాలది), పైప్ బ్యాండు (బ్యాగ్‌పైపులది) విభాగాలు బాలురకి వేరుగా, బాలికలకి వేరుగా ఉంటాయి, ఫైనల్స్ రిపబ్లిక్ డే వేడుకల్లో భాగంగా ఢిల్లీలో జరుగుతాయి. మన జిల్లా నుంచి బాలికల బ్రాస్ బ్యాండు ఒకటి వెళ్లాలని నా కోరిక. ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో పంద్రాగస్టు పెరేడ్ చూసి వచ్చాక పోలీసు బ్యాండు గురించి మా పాప అడిగిన ప్రశ్నలకి నాకు జవాబులు రాలేదు. ఆ బ్యాండు వాళ్లను ఏడాదికోసారైనా స్కూళ్లకి పంపి పిల్లల ముందు వాయింపజేసి, వాద్యాలు విప్పి చూపిస్తే బాగుంటుందని పోలీసు అధికారులకి కూడా మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

మా పాప స్కూల్లో దసరా సెలవులకి ముందు పేరెంట్స్ మీటింగు ఉంది. ట్రంపెట్ ఏడాది పొడవునా ఇంటికి ఇవ్వమని, ఎవరి మౌత్‌పీస్ వాళ్లకి ఉండేలా చూడమని, సెలవులయ్యాక వారానికి రెండు పీరియడ్లు పెట్టమని రాసి కొందరు తల్లిదండ్రులం సంతకాలు చేశాం. మిగతా స్కూళ్ల తల్లిదండ్రులు కూడా మీ మీటింగుల్లో ఇవే అడగండి. మీకు తెలిసిన ట్రంపెట్ మాస్టారు ఎవరైనా ఉంటే, ఆయన్ని అడిగి, ఆయన ఫోన్ నంబరు మీ పిల్లల స్కూల్ ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి.

ఇట్లు,
ఒక తల్లి,
సత్యనారాయణపురం, విజయవాడ